కార్డు కడిగిన పూట

చిలకలగూడలో ఇస్త్రీ బండికీ మందుల షాపుకూ నడుమ ఇరుక్కుని ఉన్న జకర్యా ఫోటో స్టూడియో బోర్డు మీద, పేరు కింద ఇంకో వరుస ఉంటుంది: 'ఇక్కడ ఫోటోలు తీసి కడిగి ఇవ్వబడును.' ఆ వరుస చెరిపించి 'డిజిటల్' అని రాయిద్దామని కూతురు ప్రిసిల్లా ఎన్నోసార్లు అడిగింది. జకర్యా ససేమిరా అన్నాడు. ఫోటో ఎవడైనా తీస్తాడు, కడగడమే విద్య అని ఆయన నమ్మకం. ఎర్రదీపం గదిలో, మందునీళ్ళ తొట్టిలో, తెల్లటి కాగితం మీద జుట్టు ముందు, కళ్ళు తర్వాత, చిట్టచివరికి నవ్వు తేలిరావడం చూసినవాడికి కంప్యూటర్ ముందు కూర్చుని టిక్కుటిక్కుమనిపించడం పనిలాగా కనిపించదు మరి.

ఇప్పుడు స్టూడియో నడిపేది ప్రిసిల్లానే. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, తిరుమలగిరిలో ఆఫీసర్ల పార్టీలు అన్నీ ఆమెవే. ఫోటోలకొచ్చే గిరాకీలు బిడ్డను మెచ్చుకుంటే జకర్యా మీసాల్లో నవ్వుకునేవాడు. 'బాగా తీసింది' అని తానూ ఒక మాట కలిపేవాడు. 'కడిగింది' అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఆ మాట మీద హక్కు తనొక్కడిదే అన్నట్టు ఉండేవాడు.

ప్రిసిల్లాకు అది తెలుసు. తెలిసే ఆ మాటను ఎగతాళికి వాడుకునేది. ప్రతి ఫంక్షన్‌కు ముందు కెమెరాలో కార్డు పెట్టి, పాత ఫోటోలన్నీ పోయేట్టు ఫార్మాట్ కొట్టి, "కార్డు కడిగిన" అనేది. ఆమెను చూసి భర్త ఆషర్ కూడా అదే మాట పట్టుకున్నాడు. ఒకే కప్పు కింద ఒకే మాట రెండు అర్థాలతో తిరుగుతుంటే ఎప్పుడో ఒకప్పుడు కొంప మునగక తప్పుతుందా?

పక్క వీధి శ్యామలమ్మ కూతురు ఊర్మిళ రైలింజన్ నడుపుతుంది. ఇన్నాళ్ళూ ఒక పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని పని చేసిన పిల్ల, ఆ రోజు తెల్లవారగానే మొట్టమొదటిసారి తానే పెద్ద డ్రైవరుగా సికింద్రాబాద్ స్టేషన్ నుంచి బండి తీసుకుని పోయింది. అదే స్టేషన్ క్యాంటీన్‌లో వడలు వేసి వేసి చేతులు కాల్చుకున్న మనిషి శ్యామలమ్మ. కావలసిన అనుమతులన్నీ తెచ్చి, ప్రిసిల్లాను వెంటబెట్టుకుని పోయి ఫోటోలు తీయించుకుంది. బిడ్డ మర్నాడు తిరిగొచ్చేసరికి ఫోటో గోడ మీద ఉండాలని ఆమె పంతం. మేకు కూడా కొట్టి పెట్టింది. సాయంత్రం వచ్చి ఫోటో తీసుకుపోతానంది. బండ్లు రోజూ బయలుదేరుతాయి గానీ తొలి బండి మళ్ళీ రమ్మంటే వస్తుందా?

స్టేషన్ నుంచి ప్రిసిల్లా అటునుంచటే కార్ఖానా బస్తీలో ఒక పెళ్ళికి పోవాలి. దారిలో స్టూడియో ముందు బండి ఆపి, కార్డు తీసి తండ్రి చేతిలో పెట్టింది. ఆమె కెమెరాలో రెండో కార్డు పెట్టే చోటు చెడిపోయి బాగుచేతకు ఎదురుచూస్తోంది. అందుకే ఆ ఫోటోలు ఉన్నది ఆ ఒక్క కార్డులోనే.

"డాడీ, జెర పైలం. నేనొచ్చినంక కంప్యూటర్ల ఎక్కిస్త" అని చెప్పి వెళ్ళిపోయింది.

పైలంగా దాచిపెట్టి ఊరుకుంటే కథే లేదు. కానీ బిడ్డ పెళ్ళి ఫోటోలు తీసి అలసిసొలసి వస్తుంది, ఈలోగా ఈ పని తెమిలిపోతే బాగుండును కదా అని జకర్యా మనసు ఊరుకోలేదు. ఆషర్‌కు ఆ రోజు ఆఫీసు సెలవు. అల్లుణ్ణి పిలిచి, కార్డు చేతికిచ్చి, "ఆషరూ, ఇది కడిగి పెట్టు. పొద్దుమూకేసరికి కావాలె" అన్నాడు.

మామ మాట జవదాటని అల్లుడు ఆషర్. సాయంత్రం భార్యకు ఇంకో ఫంక్షన్ ఉంది కాబోలనుకున్నాడు. స్టూడియోలో ఉన్న పాత కెమెరాలో కార్డు దూర్చి, తనకు తెలిసిన కడుగుడు కడిగేశాడు. చిటికెలో తిరిగొచ్చి, "అయిపోయింది మామా" అని కార్డు బల్ల మీద పెట్టాడు.

ఫోటోలేవని జకర్యా అడిగాడు. ఏ ఫోటోలని ఆషర్ అడిగాడు.

సంగతి అర్థమయ్యాక జకర్యా అల్లుడి మీద అంతెత్తు లేచాడు. తుడవమని ఎవడు చెప్పాడన్నాడు, చదువుకున్నవాడివి బుద్ధుండక్కర్లేదా అన్నాడు. ఆషర్ తల వంచుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి జకర్యా భార్య రోసమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"పిలగానిమీద ఎందుకు ఒర్లుతవు? కడుగుమన్నది నువ్వే. నేను సుత విన్న" అంది.

జకర్యా స్టూలు మీద కూలబడ్డాడు. ఒకసారి వానకు స్టూడియోలోకి నీళ్ళొస్తే, నెగటివ్‌ల పెట్టెలు నెత్తిన పెట్టుకుని మోకాటి లోతు నీళ్ళలో నడిచిన మనిషి ఆయన. 'మీ ఫోటో పోయిందమ్మా' అనే మాట ఆ కౌంటర్ మీద నుంచి ఎన్నడూ అనలేదు. ఇప్పుడు అది శ్యామలమ్మకు చెప్పాలి. పోగొట్టింది ఎవరి పేరు మీద? బిడ్డ పేరు మీద. ఇన్నేళ్ళు కష్టపడి ఆమె తెచ్చుకున్న పేరు తన నోటి మాటతో మట్టిలో కలిసిందని ఆయనకు ఏడుపొచ్చింది.

ఆషర్ ప్రిసిల్లాకు ఫోన్ చేసి చెప్పాడు. పాపం, తప్పు దిద్దుకుందామని, కార్డు మళ్ళీ కెమెరాలో పెట్టి ఒక ఫోటో తీసి చూద్దామా అని కూడా అడిగాడు. అవతల బాజాల చప్పుడులోంచి ప్రిసిల్లా గొంతు గట్టిగా వినిపించింది.

"ముట్టొద్దు. దాని మీద ఒక్క ఫోటో సుత తీయొద్దు. కార్డు తీసి డాడీ చేతిలో పెట్టు. ఇక్కడ తాళి అయిపోయింది, తిరుమల్‌ను నిలబెట్టి వస్తున్న."

తిరుమల్ ఆమెతో పాటు ఫోటోలు తీసే మనిషి. ఆమె వచ్చేదాకా జకర్యా ఆ కార్డును పాత రీలు డబ్బీలో పెట్టి, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చినవాణ్ణి రేపు రమ్మన్నాడు. టీ తాగమని రోసమ్మ తెస్తే కప్పు దూరంగా పెట్టమన్నాడు. ఎందుకు ముట్టొద్దన్నదో ఆయనకు తెలియదు. కానీ ముట్టొద్దంటే ఎలా కాపలా కాయాలో బాగా తెలుసు. రీలు కడుగుతున్నంతసేపూ చీకటిగది తలుపు ఎవరూ తెరవకుండా అట్లాగే కాచుకునేవాడు.

ప్రిసిల్లా పట్టుచీరలోనే, చెమటలు కక్కుతూ వచ్చింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని డబ్బీ అందుకుంది. అన్నీ పోయినట్టేనా అని తండ్రి అడిగాడు.

"డాడీ, రీలు తీసినంక, కడగకముందు దాని మీద బొమ్మ ఉంటదా, ఉండదా?"

"ఉంటది. వెలుగు తాకిన కాడ రీలు మీది వెండి యాదికి పెట్టుకుంటది. మన కండ్లకే కనపడదు."

"గిది సుత గంతే" అంది ప్రిసిల్లా.

కార్డును కంప్యూటర్‌కు తగిలించి, వెతికే ప్రోగ్రాం నడుస్తుండగా ఆమె వివరంగా చెప్పింది. కెమెరాలో రీలు ఉండే చోట ఇప్పుడు గోరంత పలక ఉంటుంది. దాని నిండా కంటికి ఆనని గుంటలు. ఏ గుంటలో ఎంత వెలుగు పడిందో కెమెరా కొలిచి, ఆ అంకెలన్నీ కార్డులో దాస్తుంది. ఏ ఫోటో ఎక్కడుందో కార్డు మొదట్లో ఒక గుర్తు రాసుకుంటుంది. ఆషర్ కొట్టిన ఫార్మాట్ ఆ గుర్తులనే తుడిచింది. ఫోటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి, దారి చెప్పేవాడే లేడు. కొత్త ఫోటో తీస్తే మాత్రం కెమెరా ఆ చోటు ఖాళీ అనుకుని వాటి మీదే రాసేస్తుంది. అప్పుడు నిజంగా పోయినట్టే.

"అంటే మనం చీకటిగది తలుపు ఇంకా తెరవలే, రీలుకు వెలుగు తాకలే" అన్నాడు జకర్యా.

"తెరవలే" అంది ప్రిసిల్లా, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

మొదట వచ్చినవి ఊర్మిళ ఫోటోలు కావు. ఎవరిదో బాప్తిస్మం, నీళ్ళు చల్లితే ముఖం చిట్లించిన పసిపాప. తర్వాత తిరుమలగిరి పార్టీలో కేకు కోస్తున్న ఆఫీసరు. ప్రిసిల్లా ఎప్పుడో కడిగేశానన్న పాత ఫోటోలు కూడా ఒక్కటొక్కటే లేచొస్తుంటే జకర్యా స్టూలు ముందుకు లాక్కుని తెరకు ముఖం ఆనించినంత పని చేశాడు. ఆషర్ వెనక నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు.

అప్పుడు ఇంజన్ వచ్చింది. ఒక ఫోటో సగం బూడిదరంగు పట్టి వచ్చింది. ఇంకోదానిలో ఊర్మిళ కళ్ళు మూసుకుంది. ప్రిసిల్లా నొక్కుతూ, వదిలేస్తూ, మళ్ళీ వెతుకుతూ పోయింది. చిట్టచివరికి ఒకటి తెర నిండా విచ్చుకుంది. ఇంజన్ కిటికీలోంచి ఊర్మిళ కిందికి చూస్తోంది. కింద ప్లాట్‌ఫారం మీద శ్యామలమ్మ, పసిబిడ్డ నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూసినట్టు, ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. తల్లీ బిడ్డా ఒకర్నొకరు చూసుకుంటున్నారు.

జకర్యా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తొట్టిలో ఫోటో తేలినప్పుడల్లా కలిగే ఆ పాత సంతోషమే ఇప్పుడూ కలిగింది. ఈసారి తొట్టి ముందు కూర్చున్నది తన బిడ్డ. లేచి పోయి, షాపులో ఉన్నవాటిలోకెల్లా మంచి ఫ్రేము తానే వెతికి తెచ్చాడు.

పొద్దుమూకేసరికి శ్యామలమ్మ వచ్చింది. ఫ్రేమును రెండు చేతులా పట్టుకుని, దీపం కిందికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. ఊర్మిళ టోపీ మీద వేలితో మెల్లగా రాసింది. చిలకలగూడలో పాతవాళ్ళంతా అనే మాటే ఆమె కూడా అంది.

"ఎంత మంచిగ కడిగినవు జకర్యన్నా."

మామూలుగా అయితే జకర్యా ఆ మాటకు మీసం సవరించుకుని తలాడించేవాడు. ఈసారీ చెయ్యి మీసం దాకా పోయింది. కానీ దించేశాడు.

"నేను కాదు చెల్లె. పొద్దున ఈ ఫోటో పోగొట్టింది నేను. కడిగింది మా ప్రిసిల్లా" అన్నాడు.

శ్యామలమ్మకు సగమే అర్థమై, ఎవరు కడిగితేనేం, చల్లగా ఉండమని దీవించి వెళ్ళింది. ప్రిసిల్లా మాత్రం చుట్టి పెట్టిన వైరునే విప్పి మళ్ళీ చుడుతూ చాలాసేపు తల ఎత్తలేదు. బోర్డు మీది ఆ వరుస చెరిపిద్దామని ఆమె ఆ తర్వాత ఎన్నడూ అనలేదు.