పేరు లేని చీటీ

దేవుడికి కూడా దారి చెప్పే రకాన్ని నేను. ప్రార్థనలో "ప్రభువా, నీ చిత్తం" అని ఊరుకోను. ఏ ఊరు కావాలో, ఏ నెలలో కావాలో, ఫైలు ఏ ఆఫీసులో ఆగిందో అన్నీ విడమరిచి చెబుతాను. "ఆయనకి తెలీదనా విక్టోరియా?" అని మా ఆయన నెహెమ్యా నవ్వుతారు. తెలిసుంటే ఈపాటికి చేసేవాడు కదా అని నా మంట.

ఆరేళ్లుగా కొల్లేటి లంక ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఆయన తాడేపల్లిగూడెం రైసుమిల్లులో మెకానిక్కు. శనివారం సాయంత్రం వస్తారు, సోమవారం తెల్లారేసరికి బస్సెక్కేస్తారు. పెళ్లయి ఆరేళ్లయినా వారం రోజులు ఒక ఇంట్లో కాపురం చేసిన పాపాన పోలేదు. అందుకే ఆయనుండే గూడేనికి బదిలీ పెట్టుకున్నాను.

"ఇక్కడికి దగ్గరే, ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీవాళ్లు పిలుస్తున్నారు. నేనే ఇటు వచ్చేస్తాను. ఊకదుమ్ముకి ఈ దగ్గు కూడా తగ్గట్లేదు" అని ఆయన రెండుసార్లు అన్నారు.

"మీరు కాసేపు ఊరుకోండి బాబూ! నేను దేవుడితో మాట్లాడుతున్నానుగా" అన్నాను.

మా చర్చిలో స్త్రీల కూటానికి ఒక చీటీల పెట్టె ఉంది. ఎవరి కష్టం వాళ్లు రాసి వేస్తారు, పేరు మాత్రం రాయరు. వాటిని పైకి చదివి ప్రార్థించే పని నాది. ఆ నెలలో ఒక చీటీ వచ్చింది: "మాకు ఆధారమైన మనిషి ఊరు వదిలి వెళ్లిపోతున్నారు. వెళ్లనివ్వొద్దు."

ఎవడో పెళ్లాం బిడ్డల్ని వదిలేసి పోతున్నాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. "ప్రభువా, ఆ మనిషి కాళ్లకి సంకెళ్లు వెయ్యి! అంగుళం కదలనివ్వకు!" అని గొంతు చించుకున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. అదే చీటీ నాలుగు వారాలు వచ్చింది. నాలుగు వారాలూ నేను తగ్గలేదు.

బదిలీల జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. రెండు రోజులు ఏడ్చాను, దేవుడితో మాటలు మానేశాను.

మూడోరోజు పొద్దున్నే చేపల చెరువుల్లో పనిచేసే దుర్గమ్మగారింటికి వెళ్లాను. ఆవిడ కూతురు సత్యశ్రీకి ఎనిమిదో నెల. మొహం ఉబ్బిపోయి, కళ్లు మసకలు కమ్ముతున్నాయంటోంది. బీపీ చూస్తే ఎక్కడికో పోయింది. ఆటో ఎక్కించి ఏలూరు పరుగెత్తాం. ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనీ దక్కించారు. ఇంకో పూట ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవారు కారని డాక్టరమ్మ చెప్పింది.

వార్డు బయట దుర్గమ్మగారు నా చేతులు పట్టుకుంది.

"నర్సమ్మగారూ, ఒక తప్పు చేశానండి. మీరు గూడెం వెళ్లిపోతారని తెలిసి భయమేసిందండి. మా అమ్మాయి చేత రాయించి మీ పెట్టెలో చీటీ వేశానండి. మేం అమ్మవారిని కొలిచేవాళ్లమే గానీ, మీ సంగతి మీ దేవుడికే కదండీ చెప్పుకోవాలి! నాలుగు వారాలు వేశానండి. మీ బదిలీ చెడగొట్టింది నేనేనండి."

నాకు నవ్వొచ్చింది, దాని వెనకాలే ఏడుపొచ్చింది.

"మీరు చీటీయే వేశారండీ దుర్గమ్మగారూ! సంకెళ్లు వెయ్యమని అరిచింది నేనేగా!"

లోపల బిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటుంటే, నేను అడిగింది దేవుడు ఇవ్వనందుకు మొదటిసారి సంతోషమేసింది. మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, ఆ ఐసు ఫ్యాక్టరీవాళ్లు ఇంకా పిలుస్తున్నారా?"

"పిలుస్తున్నారు. దేవుడితో నీ మాటలు అయిపోయాయా?"

"అయిపోయాయండి. మీరు రెండుసార్లు చెబితే నేనే అడ్డం పడ్డాను. సామాను సర్దుకుని వచ్చెయ్యండి."

అటునుంచి దగ్గు వినిపించింది.

"అయితే సోమవారం బస్సెక్కక్కర్లేదన్నమాట" అన్నారు.