పన్నెండో ఏటి ఆట

చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఏడో గుంత చుట్టూ మూడోసారి తిరిగాడు లక్ష్మా. ఇసుక మీద కుక్క అడుగులు, మేకల గిట్టల గుర్తులు, ఎవడో చెప్పులతో అడ్డంగా నడిచిపోయిన జాడ. గోనెపట్ట ఒక్కసారి లాగి ఇవన్నీ చెరపడం అతనికి పది నిమిషాల పని. కానీ సకల జనుల సమ్మె మొదలై ఆ రోజుకు ఇరవై రెండు రోజులు. బొగ్గు తీసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు, అందరూ పని ఆపారు. రాష్ట్రం కోసం దీక్షా శిబిరంలో చెయ్యెత్తి ప్రమాణం చేసినవాళ్లలో లక్ష్మా కూడా ఉన్నాడు. అయినా తెల్లవారేసరికి కాళ్లు మైదానం దారి పట్టేవి. కాళ్లకు సమ్మె సంగతి ఎవరు చెప్పాలి? చేతులనైనా కాపలా కాద్దామని ఇలా వెనక్కి కట్టుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి. ఒకే భుజంతో ఇరవై ఏళ్లు పట్ట లాగి లాగి నడుము కుడివైపుకు ఒరిగిపోయింది. అరచేతుల గీతల్లోకి పాత ఇంజను నూనె దిగి, ఎంత రుద్దినా పోని నలుపు. పెళ్లిళ్లలో తినేటప్పుడు పక్కవాళ్లకు కనబడకుండా ఆ చేతిని విస్తరి మీదకు వంచి పెట్టుకునేవాడు.

భూపాలపల్లి చివర, గని అధికారుల క్లబ్బు వెనక ఉన్న గోల్ఫు మైదానం అది. మొత్తం తొమ్మిది గుంతలు. మిగతా ఊళ్లలో గుంత చుట్టూ పచ్చగడ్డి ఉంటుందట. ఇక్కడి ఎండకు అది నిలవదు. అందుకని మహదేవపూర్ వైపు నుంచి గోదావరి ఇసుక తెప్పించి, లారీల షెడ్డులో పారబోసే నూనె కలిపి గుండ్రంగా పరిచారు. పరిచింది లక్ష్మానే. ఆడినవాళ్లు ముందుకు పోగానే వాళ్ల అడుగుల జాడలు చెరిపి, వెనక వచ్చేవాళ్లకు ఇసుకను నున్నగా అప్పగించడం అతని పని.

ఆటంటే పిచ్చి ఉన్న పెద్దసారు ఒకాయన రెండువేల సంవత్సరంలో ఇక్కడ టోర్నమెంటు పెట్టించాడు. ఆటే బతుకుతెరువైన వాళ్లు కలకత్తా నుంచి, చండీగఢ్ నుంచి వచ్చి కాజీపేటలో రైలు దిగారు. గడ్డి బదులు ఇసుక చూసి పడీపడీ నవ్వారు. ఆ ఇసుక మీదే బంతి జర్రున జారిపోతుంటే తలలు పట్టుకున్నారు. నాలుగో ఏట అరవై మంది వచ్చారు. ఏటా ఆట జరిగే మూడు రోజులూ లక్ష్మా ఇంటి మొహం చూసేవాడు కాదు. తర్వాత పెద్దసారు బదిలీ అయ్యాడు, బయట పచ్చగడ్డి మైదానాలు ఎక్కువయ్యాయి, పోయిన ఏడు పంతొమ్మిది మందే వచ్చారు. ఈ ఏడు పన్నెండోది, ఇదే ఆఖరుదని క్లబ్బు గోడకు కాగితం అంటించారు. సమ్మెతో ఆ ఆఖరుదీ రద్దయింది.

తెలంగాణ రావాలన్న ఆశ లక్ష్మాకు ఎవరికంటే తక్కువ లేదు. శిబిరంలో నినాదం అందుకుంటే రోడ్డు అవతలికి వినబడే గొంతు అతనిది. కానీ తన చేతుల మీద పదకొండేళ్లు నడిచిన ఆట ఇలా దిక్కులేకుండా ఆగిపోవడం మాత్రం మింగుడు పడలేదు.

ఎండ ఎక్కుతుండగా స్కూటరు చప్పుడైంది. దిగినవాడు సోమనర్సయ్య. లింగాల ఘనపూర్ మనిషి. చిన్నతనంలో హైదరాబాదులో ఆటగాళ్ల కర్రల సంచులు మోసి, మోస్తూ మోస్తూ తనే ఆటగాడయ్యాడు. పదకొండేళ్లూ తప్పకుండా వచ్చాడు. ఒక్కసారీ గెలవలేదు.

"ఆట బంద్ వెట్టిన్రు గదన్నా, ఎందుకొచ్చినవ్?" అన్నాడు లక్ష్మా.

"ఎరికే. గిన్నేండ్లు వచ్చి ఆఖరుది ఇడిసిపెడ్తె మనసున పడ్తదా? నేనొక్కన్నే ఆడి పోత. జర ఇసుక గుంజు లక్ష్మన్నా."

గుంజితే ఇచ్చిన మాట పోతుంది, సమ్మె తప్పినవాడన్న పేరు తండాలో చచ్చేదాకా వదలదు. గుంజకపోతే ఈ ఆట ఇక జన్మలో ఉండదు.

"సమ్మెల ఉన్న అన్నా. ముట్ట," అన్నాడు. అంటుంటే ఏడుపొచ్చింది.

సోమనర్సయ్య అతని మొహం చూశాడు, వెనక కట్టుకున్న చేతులు చూశాడు. "నువ్వు ముట్టకు. నాకు నౌకరీ ఉంటె గదా సమ్మె!" అంటూ పట్ట తనే భుజానికెత్తుకుని మొదటి గుంత వైపు నడిచాడు.

ఆడటం వచ్చిన చేతులకు గుంజడం రాలేదు. పాము పాకినట్టు వంకరటింకరగా చారలు పడుతుంటే లక్ష్మా ప్రాణం విలవిల్లాడింది.

"గట్ల గాదన్నా! గుంత కాడికెల్లి సుట్టు తిరుక్కుంట బయటికి రావాలె. నీ అడుగులు నీ ఎనకనే చెరిగిపోవాలె."

చెప్పడం కూడా పని కిందికే వస్తుందేమోనని అనుమానం వచ్చింది. నోటికి సమ్మె లేదులెమ్మని సర్దిచెప్పుకున్నాడు.

ఏడో గుంత దాకా వచ్చి, ఆడి, ఇసుక గుంజేసరికి సోమనర్సయ్య చొక్కా తడిసి ముద్దయింది. "ఇరవై ఏండ్లు గిది గుంజినవా? నా రెక్కలు ఇరిగినయ్," అంటూ ఇసుక అంచున ఇంకో బంతి పెట్టి, కర్ర లక్ష్మా చేతికిచ్చాడు. "ఒక్కపారి కొట్టు."

"నాకేడ వస్తదన్నా?"

"వచ్చినకాడికే. ఆటకు సమ్మె లేదు."

కర్ర పట్టుకుని లక్ష్మా ఇంకా నిలబడే ఉన్నాడు, ఇంతలో శిబిరం వైపు నుంచి అతని పెళ్లాం చంద్రి ఉరుకుతూ వచ్చింది. మొగుడు పనిలోకి దిగాడని ఎవరో కబురు మోశారు. "అందరి ముంగట ఇజ్జత్ తీసినవ్ గదయ్యా!" అని దూరం నుంచే అందుకున్న మనిషి దగ్గరికొచ్చి ఆగిపోయింది. పట్ట ఆటగాడి భుజాన ఉంది, కర్ర తన మొగుడి చేతిలో ఉంది. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

"కొట్టు మరి, సూస్త," అంది.

కొట్టాడు. బంతి నున్నటి ఇసుక మీద తాపీగా పోయి, గుంత అంచున కాస్త ఆలోచించి, లోపలి రేకు డబ్బాలో టక్కున పడింది. ముప్పై ఐదేళ్ల కాపురంలో చంద్రి కళ్ల ముందు అతను గెలిచింది అదొక్కటే. సంతోషం పట్టలేక చిన్నపిల్లాడిలా గెంతాడు.

"బంతి తీస్కో లక్ష్మన్నా, నీదే," అన్నాడు సోమనర్సయ్య.

"నేను తియ్య అన్నా. లోపటికి పోతె అడుగులు పడ్తయ్. చెరుపుదామంటె సమ్మె."

సోమనర్సయ్య మిగిలిన రెండు గుంతలూ ఆడి స్కూటరెక్కాడు. "వచ్చింది నేనొక్కన్నే గాబట్టి ఈ యేడు గెలిచింది నేనే. యాది వెట్టుకో," అని పోయాడు. మళ్లీ రాలేదు. టోర్నమెంటూ మళ్లీ జరగలేదు.

సమ్మె విరమించాక లక్ష్మా పనిలోకి దిగి ఏడో గుంత ఇసుక అద్దంలా గుంజాడు. డబ్బాలో మాత్రం చెయ్యి పెట్టలేదు. ఆడేవాళ్లు లేకపోయినా రోజూ గుంజుతూనే ఉన్నాడు. రెండువేల పదమూడు వైశాఖంలో ఒక మధ్యాహ్నం, అంబలి తాగి తుమ్మ నీడన పడుకున్నవాడు లేవలేదు. రాష్ట్రం మరుసటి ఏడు వచ్చింది. ఆ రాత్రి తండాలో అందరితో పాటు ఆడిపాడిన చంద్రి, మధ్యలో ఆగి ఏడ్చింది.

మైదానంలో ఇప్పుడు తుమ్మలు పెరిగాయి. ఏడో గుంత ఇసుక మీద మేకలు ఇష్టమొచ్చినట్టు నడుస్తాయి. తుప్పు పట్టిన డబ్బాలో, చారెడు వాన నీటి అడుగున, పసుపు రంగుకు తిరిగిన బంతి ఒకటి ఉంది.