లోపం లేని ఫోను

నేను ఒక టెలిఫోన్‌ని. గంధం రంగు ఒళ్ళు, పన్నెండు మీటలు. ఇప్పుడు అనకాపల్లిలో ఒక పాత సామాన్ల కొట్టులో, విరిగిన ఫ్యాను రెక్కల కింద పడి ఉన్నాను. దానికి నాకేం బాధ లేదు. నాకున్నది కోపం. ఎవరి మీదో చెబుతాను, వినండి.

ఫ్యాక్టరీలో నన్ను ఊరికే వదల్లేదు. చెమ్మలో పెట్టారు, ఎత్తు నుంచి పడేశారు, మోయాల్సిన దానికి ఎన్నో రెట్లు కరెంటు పంపి చూశారు. అన్నీ తట్టుకున్నాకే నా అడుగున ఆమోదం ముద్ర కొట్టారు. నా వల్ల ఇంట్లోవాళ్ళకే కాదు, బయట తీగ పట్టుకునే మనిషికీ ప్రాణభయం ఉండదని ఆ ముద్రకు అర్థం.

బెల్లం వ్యాపారి భీమశంకరం గారింట్లో నన్ను తగిలించింది టెలిఫోన్ ఆఫీసు లైన్‌మన్ పైడయ్య. పట్టుమని ఆరు నెలలు మోగానో లేదో, భీమశంకరం గారు ఎక్కడి నుంచో కార్డ్‌లెస్ ఫోను ఒకటి పట్టుకొచ్చారు. దాన్ని గోడలోని కరెంటు ప్లగ్గుకు కూడా తగిలించాలి. దానికి ముద్రా లేదు, ఊరూ పేరూ లేదు. నన్ను బీరువాలో పాత చీరల కిందికి తోసి, నా లైను దానికిచ్చారు. ఆఫీసు రికార్డుల్లో పేరు నాది, కాపురం దానిది.

పైడయ్య వచ్చిన రోజు మాత్రం నాకు భలే మర్యాద. గేటు చప్పుడు వినగానే ఇల్లాలు సుభాషిణి గారు దాన్ని దాచి, నన్ను బల్ల మీద కూర్చోబెట్టేవారు.

"ఏటమ్మా, రెండేళ్ళయినా ఈ పోనుకి ఒక్క సెయ్యి మరకా లేదు?" అన్నారాయన ఒకసారి.

"జాగ్రత్తగా వాడుకుంటాం పైడయ్యా."

"కరెంటుతో నడిసే పోనేదైనా ఉంటే మా ఆఫీసులో సూపించి, పరీక్ష సేయించాకే తగిలించండమ్మా. ఇక్కడ తేడా వస్తే స్తంబం మీద నా సేతికి తగులుతాది."

ఆవిడ నవ్వి, మజ్జిగ ఇచ్చి పంపేశారు.

ఒక వానాకాలం ఆ కార్డ్‌లెస్ అడాప్టరు కాలిపోయింది. భీమశంకరం గారే తీగలు మెలేసి టేపు చుట్టారు. లైనులో గరగర మొదలైంది. గరగరమంటోందని ఫిర్యాదు చేసిందీ ఆయనే. పైడయ్య ఆ రోజు ఇంట్లోకి రాకుండా నేరుగా స్తంభం ఎక్కారు. గోడలోని కరెంటు ఫోను తీగ వెంట వెళ్ళి ఆయన చేతికి కొట్టింది. ఆయన కింద పడిన చప్పుడు బీరువాలో ఉన్న నాకు కూడా వినిపించింది.

వీధంతా స్తంభం దగ్గరికి పరిగెత్తింది. భీమశంకరం గారు బీరువా దగ్గరికి పరిగెత్తారు. పైడయ్య బురదలో మూలుగుతుంటే ఈయన నన్ను లైనుకు తగిలించి, కండువాతో దుమ్ము దులుపుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటి కరెంటే తగిలిందని పైడయ్య ఆసుపత్రిలో చెప్పారట. అధికారి విచారణకు వచ్చారు.

"ఈ లైనుకి ఇంకేమైనా తగిలించారా?"

"లేదండీ. ఉన్నది ఇదొక్కటే. మేం రూల్సు దాటం" అన్నారు భీమశంకరం గారు, కన్నార్పకుండా.

అధికారి మీటరు పెట్టి నన్ను పరీక్షించారు. నేను అన్నిటిలోనూ నెగ్గాను. 'పరికరంలో లోపం లేదు. లైన్‌మన్ అజాగ్రత్తే కారణం' అని రాసుకుపోయారు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళ గురించి విన్నాను. మద్దెల బాగుంది కాబట్టి తప్పు ఆడేవాడిదే అన్నవాళ్ళను అక్కడే చూశాను.

మూడు నెలలకు పైడయ్య ఆ ఇంటికి వచ్చారు. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. స్తంభం పని తీసేసి, ఆయన్ను ఆఫీసు గేటు దగ్గర కూర్చోబెట్టారు. నన్ను చాలాసేపు చూశారు.

"ముప్పై ఏళ్ళు తీగలు పట్టుకున్నోణ్ణి బాబూ. ఆ రోజు ఏం సేశానో నాకే తెలీటం లేదు. మీ ఇంటి మీద అనవసరంగా మాటన్నాను. ఏటనుకోకండి."

భీమశంకరం గారు ఆయన భుజం తట్టారు.

"పోన్లే పైడయ్యా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అని ఆయన్ను క్షమించారు.