బ్రిటోని ఇచ్చేసిన మధ్యాహ్నం

మార్చి నెలలో ఆడే బేస్‌బాల్ ఆటలు సీజనుకి ముందు సాధన కోసమే, పట్టికకెక్కవు. గెలిచినా ఓడినా ఏప్రిల్ మొదటివారానికి అందరూ మరిచిపోతారు. ఆ సంగతి క్లైడ్ టాకెట్‌కి తెలియక కాదు. అయినా ఏటా లూయిస్‌విల్ నుంచి ఫ్లోరిడా దాకా పదమూడు గంటలు వ్యాను తోలుకుని వచ్చేవాడు. మొదటి బేస్ వైపు ఏడో వరసలో కూర్చుని, మొదటి బంతి పడకముందే గొంతు బొంగురు చేసుకునేవాడు. పక్క సీటు వాళ్ళ వదిన లోరెట్టాది. ముప్పయ్యొక్కేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, అరుపులకి బెదిరే రకం కాదు. ఆమె భర్త, అంటే క్లైడ్ అన్న వెర్నన్, పోయి ఆరేళ్ళయింది. అంతకుముందు ముగ్గురూ వచ్చేవాళ్ళు. నాది వాళ్ళ వెనక వరస. పన్నెండేళ్ళుగా నేను కొన్న టికెట్టులో సగం ఆట కోసమైతే, మిగతా సగం వీళ్ళ మాటల కోసం.

మా కెస్ట్రెల్స్ జట్టు అప్పటికి వరసగా మూడేళ్ళు అట్టడుగున ఉంది. యాజమాన్యం దానికి పెట్టిన పేరు పునర్నిర్మాణం. అంటే పేరున్న ఆటగాళ్ళని వేరే జట్లకిచ్చేసి, బదులుగా ఇంకా సరిగ్గా గడ్డం రాని కుర్రాళ్ళని తెచ్చుకోవడం. అలా ఒక్కొక్కళ్ళూ వెళ్ళిపోగా పాతవాళ్ళలో మిగిలింది ఎలీసియో బ్రిటో ఒక్కడే. షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్యనున్న ఆ ఖాళీని తొమ్మిదేళ్ళుగా కాపలా కాసినవాడు. ముప్పై మూడేళ్ళ వయసు, ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు.

ఆ చలికాలమంతా క్లైడ్‌ది ఒకటే పాట, బ్రిటోని ఇచ్చేయాలని. ఆ రోజు కూడా కూర్చోగానే అందుకున్నాడు.

"పాత పైపు వదినా అది. ఎన్నిసార్లని అతుకులేస్తారు? ఇంకా కాస్త నీళ్ళు వస్తున్నప్పుడే పీకి ఎవడికో అంటగట్టాలి. మంచి కుర్రాళ్ళు ఇద్దరొస్తారు."

"మనిషికీ పైపుకీ తేడా తెలీదు కాబట్టే నీ పెళ్ళాం నీతో ఫ్లోరిడా రాదు."

"దానికి బేస్‌బాల్ అంటే పడదు."

"బేస్‌బాలేనా?" అంది లోరెట్టా. ఉడకబెట్టిన వేరుశనగకాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది.

రెండో ఇన్నింగ్స్‌లో బంతి ఒకటి నేలబారుగా, బ్రిటోకి కుడివైపుగా, దూసుకుపోయింది. అతను మూడంగల్లో అందుకుని, ఒళ్ళు తిప్పకుండానే మొదటి బేస్‌కి విసిరాడు. పరిగెత్తినవాడు ఇంకా రెండడుగులు దూరంలో ఉండగానే అవుట్. లోరెట్టా లేచి నిలబడి, మరిది భుజం మీద ఒక్కటి చరిచింది.

"పైపు చూశావా, పైపు!"

"మార్చిలో అందరూ పడతారు. ఆగస్టులో ఆ మోకాలు ఏమంటుందో అడుగు."

"ఆగస్టు దాకా నువ్వుంటావో లేదో చూసుకో ముందు. ఆ మెడ చూడు, ఎర్రగా కాలిపోతోంది. క్రీము రాసుకోమని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా."

నాలుగో ఇన్నింగ్స్ మొదలవబోతుండగా మేనేజరు బయటికి వచ్చి చెయ్యి ఊపాడు. అప్పటికే మైదానంలోకి వెళ్ళి నిలబడ్డ బ్రిటో వెనక్కి వచ్చేశాడు. అతని చోటుకి ఎనభై నాలుగో నంబరు చొక్కా వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తాడు. మార్చిలో వచ్చే ఇలాంటి కుర్రాళ్ళకి వీపు మీద పేరు కూడా రాయరు.

"అప్పుడే తీసేశారేం?" అంది లోరెట్టా.

"పెద్దవాళ్ళని మూడు ఇన్నింగ్సులే ఆడిస్తారుగా. ఎండ."

"అలాగైతే ఇన్నింగ్స్ అయ్యాక ఆపుతారు గాని, వెళ్ళి నిలబడ్డాక పిలుస్తారా?"

క్లైడ్, లోరెట్టా ఇద్దరూ మైదానం అంచున ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ వైపే చూస్తున్నారు. అక్కడ మేనేజరు బ్రిటో మెడ చుట్టూ చెయ్యేసి చెవిలో ఏదో చెప్పాడు. తరవాత బంతులు వేసే పిచ్చర్ల కోచ్ లేచి వచ్చి కావలించుకున్నాడు. ఆ వెంటనే క్యాచరు, ఆ వెంటనే ఇంకొకరు. మామూలుగా ఆటలోంచి దిగినవాడి వీపు మీద ఒక చరుపు చరిచి నీళ్ళ సీసా ఇస్తారు. కావలించుకోరు.

"క్లైడ్," అంది లోరెట్టా మెల్లగా. "ఇచ్చేశారు."

మా చుట్టుపక్కల వరసల్లో గోల తగ్గిపోయింది. అందరూ ఫోన్లు తీశారు. ఓ రెండు నిమిషాలకి వార్త వచ్చింది. బ్రిటో పోర్ట్‌లాండ్‌కి వెళ్తున్నాడు. బదులుగా పద్దెనిమిదేళ్ళ పిచ్చరొకడు, ఒక క్యాచరు వస్తున్నారు.

క్లైడ్ ఫోను చూస్తూ కూర్చుండిపోయాడు. నవ్వుతాడని నేననుకున్నాను. లోరెట్టా కూడా అదే అనుకున్నట్టుంది.

"నీ మాటే నెగ్గింది. లేచి గంతులెయ్యి."

"నేను జూలైలో అన్నాను."

"ఏ జూలైలో? నిన్న రాత్రి భోజనాల దగ్గర కూడా అన్నావు!"

"అన్నానులే. ఇవ్వడం జూలైలో ఇవ్వాలన్నాను. ఇవాళ ఇమ్మన్నానా వదినా?" అన్నాడు క్లైడ్. ఆ గొంతు నేనంతకుముందు వినలేదు. "ఇంకా ఆట సగం కూడా కాలేదు."

లోరెట్టా ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, వేరుశనగల సంచి చేత్తో పట్టుకుని లేచింది.

"పద. లాకరు గదికి వెళ్ళాలంటే కుడివైపు కంచె పక్కనించే నడవాలి వాడు. పదమన్నానా!"

"వెళ్ళి ఏం చెప్పను?"

"దారిలో ఆలోచించుకో."

స్కూలు పిల్లల్ని అదిలించే గొంతుతో ఆమె దారి చేసుకుంటూ పోతుంటే జనం తప్పుకున్నారు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. మేం కంచె చేరేసరికి అక్కడ ఇరవై మంది దాకా ఉన్నారు. బ్రిటో తలవంచుకుని వస్తున్నాడు, ఒక చేతిలో గ్లోవు, ఇంకో చేతిలో రెండు బ్యాట్లు. చొక్కా గుండీలు విప్పేసి ఉన్నాయి. కంచె దగ్గరివాళ్ళు చప్పట్లు కొడుతుంటే తలూపుతూ నడుస్తున్నాడు. మా ముందునుంచి దాటిపోబోతుండగా లోరెట్టా మరిదిని మోచేత్తో పొడిచింది.

"బ్రిటో!" అని అరిచాడు క్లైడ్. బ్రిటో ఆగాడు. క్లైడ్ దారిలో ఏమీ ఆలోచించుకోలేదని అప్పుడు తెలిసింది. "నువ్వొచ్చిన మొదటేడాది నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను నేను."

లోరెట్టా కళ్ళు మూసుకుంది.

బ్రిటో అతన్ని ఎగాదిగా చూశాడు. "మొదటేడాది మా అమ్మ కూడా తిట్టింది," అన్నాడు. కంచె దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, మీ దగ్గర ఫోనుందా? నాది లోపలుంది. మేనేజరు ఊరి పేరు ఒక్కటే చెప్పాడు. నాకు బదులు ఎవరొస్తున్నారు?"

క్లైడ్ ఫోను తీసి చదివాడు. "పిచ్చరు. టేట్ వికర్‌షమ్. పద్దెనిమిదేళ్ళు. ఇంకొకడు క్యాచరు, వాడి గురించి ఎక్కువ రాయలేదు."

"పిచ్చరు బాగా వేస్తాడా?"

"గంటకి తొంభై ఎనిమిది మైళ్ళు. ఎక్కడికి పోతుందో వేసినవాడికి కూడా తెలీదంట."

బ్రిటో గట్టిగా నవ్వాడు. కంచె పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. "నాకు కుదురుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. వాడికీ అంత టైమివ్వండి," అన్నాడు.

"నీకు నేనివ్వలేదు తమ్ముడూ. మా అన్న ఇచ్చాడు. ఈవిడ ఇచ్చింది. నేను తిడుతూ కూర్చున్నాను."

"కూర్చున్నారుగా," అన్నాడు బ్రిటో. "మూడేళ్ళుగా ఓడిపోతుంటే సగం సీట్లు ఖాళీ అయ్యాయి. మేం లెక్కపెట్టుకునేవాళ్ళం."

గ్లోవు పట్టుకున్న బ్రిటో చేతిని క్లైడ్ కంచె మీదనుంచి తన రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆ ఊపుడు ఎప్పటికి ఆగుతుందో తెలియక చివరికి లోరెట్టాయే విడదీసింది.

"మోకాలు జాగ్రత్త నాయనా," అంది. "పోర్ట్‌లాండ్‌లో వానలెక్కువ. రోజూ ఐసు పెట్టుకో, బద్ధకించకు. ఏమన్నా తిన్నావా?"

సంచి ముందుకి చాచింది. బ్రిటో బ్యాట్లు చంకలో పెట్టుకుని గుప్పెడు వేరుశనగలు తీసుకున్నాడు. ఒకటి పళ్ళతో చిట్లించి తింటూ, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే. తొమ్మిదేళ్ళు.

మేం తిరిగి సీట్ల దగ్గరికి వచ్చాం గానీ క్లైడ్ రాలేదు. పావుగంట తరవాత వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ క్రీము కళ్ళలో పడింది," అన్నాడు.

"రాసుకుంటే కదా పడడానికి," అంది లోరెట్టా. కానీ అంతకంటే పొడవలేదు. తన బీరు గ్లాసు అతని చేతికిచ్చింది.

ఆరో ఇన్నింగ్స్‌లో ఎనభై నాలుగో నంబరు కుర్రాడి దగ్గరికి మొదటి బంతి వచ్చింది. గ్లోవుకి తగిలి కాళ్ళ మధ్యనుంచి జారింది. కంగారుగా తీసి విసిరితే, మొదటి బేస్ మీదుగా ఎగిరి సరిగ్గా క్లైడ్ వాళ్ళ ముందు వరసలో పడింది. ఒకాయన పాప్‌కార్నంతా పోయింది. చూస్తుండగానే ఇద్దరు పరుగు పూర్తి చేశారు.

"చూశావా!" క్లైడ్ లేచాడు. "దీనికోసమా బ్రిటోని పంపేశారు? అసలు బుద్ధున్నవాడెవడైనా షార్ట్‌స్టాప్‌ని ఇచ్చేసి పిచ్చర్ని తెచ్చుకుంటాడా?"

"కూర్చో. కుర్రాడి కాళ్ళు చూడు. బంతి పడకముందే కదిలాడు. చెయ్యి ఇంకా కుదరలేదంతే."

"వదినా, చలికాలమంతా వద్దన్నది నువ్వు కాదూ!"

"వద్దన్నాను. వినలేదు, ఇచ్చేశారు. మరి ఉన్నవాణ్ణి చూసుకోవద్దా? వీడి పేరేమిటో వెతుకు, ఫోనుందిగా చేతిలో."

వెతికాడు. జురెన్‌డీ పీటర్‌నెల్లా. కురసావ్ దీవినుంచి వచ్చాడు. ఇరవై ఏళ్ళు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆ కుర్రాడు ఎడమవైపుకి దూకి, పడుకునే బంతి పట్టి, మోకాళ్ళ మీదనుంచే విసిరి ఒకణ్ణి అవుట్ చేశాడు. క్లైడ్ చప్పట్లు కొట్టలేదు. "ఊఁ," అన్నాడు. ఆట తొమ్మిది రెండుతో పోయింది.

కారుపార్కు దగ్గర క్లైడ్ అలిగాడు. రేపటి ఆటకి రానని, పొద్దున్నే ఇంటికి పోదామని, ఈ జట్టుతో తనకిక సంబంధం లేదని చెప్పాడు.

"పో," అంది లోరెట్టా. "వ్యాను తాళాలు నా దగ్గరున్నాయి. నడిచి పో."

చేప శాండ్‌విచ్ ఎక్కడ బాగుంటుందన్నదాని మీద పోట్లాడుకుంటూ ఇద్దరూ వెళ్ళిపోయారు.

మర్నాడు గేట్లు తీసిన పదినిమిషాలకే నేను వెళ్ళాను. ఏడో వరసలో క్లైడ్ అప్పటికే ఉన్నాడు, మెడ నిండా తెల్లటి క్రీముతో. మైదానంలో కుర్రాళ్ళు బంతులు పట్టడం సాధన చేస్తున్నారు. అవతలి సీట్లలోని ఇద్దరు కొత్తవాళ్ళకి అతను వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"వాడు, ఎనభై నాలుగు. జెరూండా పీటర్నలీ. గుర్తు పెట్టుకోండి. కాళ్ళు చూడండి వాడివి, కాళ్ళు."

"జురెన్‌డీ," అంది లోరెట్టా, కాయ ఒలుస్తూ.

"అదే అన్నాను కదా," అన్నాడు క్లైడ్.