అటక మీది ఎర్ర అనుములు

నేను ఒక విత్తనాల బుట్టను. జహీరాబాదు దగ్గరి ఎర్రనేలల ఊరిలో ఒక మేదరి నన్ను వెదురుతో అల్లాడు. తుల్జమ్మ నన్ను పేడతో అలికి, బూడిద కలిపిన ఎర్ర అనుములు నింపి, మూతి మట్టితో మూసి అటకెక్కించింది. ఏటా అదే పని.

ఊరంతా పత్తికి మళ్లాక ఆ అనుములు నాలో తప్ప మరెక్కడా మిగల్లేదని తుల్జమ్మ చెప్పుకునేది. వాటిని జొన్నలతో, కందులతో కలిపి ఒకే చేలో విత్తేది. ఆ తీగ వల్లనే చలికాలమంతా ఇంట్లో కూర, మేకలకు మేత, జొన్నకు నేలలో సత్తువ ఉండేవి. విత్తనం అడగడానికి వచ్చిన పక్క వీధి పుణ్యమ్మతో మాత్రం, "మా అమ్మిచ్చింది, ఎవ్వలకియ్య," అన్నది. నేను గర్వించాను. ఉన్నదంతా ఒక్కచోటే ఉండడం ప్రమాదమని బుట్టకు తోచదు.

ఒక వేసవిలో చుట్టాలు దిగారు. కొత్త కోడలు శోభ నా మూతి పగలగొట్టి, బూడిద కడిగి, అనుములన్నీ కూర వండింది. అందరూ మెచ్చుకున్నారు. తుల్జమ్మ మారు వడ్డించుకున్నది. ఆ తర్వాతే అడిగింది.

"ఇవి ఏడికెల్లి తీసినవే?"

"అటక మీది బుట్టలకెల్లే, అత్తమ్మా."

"మూతికి మట్టి ఎందుకు వెట్టిననుకున్నవ్?"

"పురుగు వట్టకుంట."

జవాబు సరైనదే కనుక తిట్టు ఎక్కడ మొదలుపెట్టాలో తుల్జమ్మకు తెలియలేదు.

తొలకరి పడింది. నాలో ఒక్క గింజా లేదు; ఈసారి విత్తకపోతే ఆ విత్తనం ఇక లేనట్టే.

"పుణ్యమ్మత్త దడికి గవే కాసినయి గద," అన్నది శోభ.

ఆ సంగతి తుల్జమ్మకు తెలుసు. తెలిసినందువల్లనే ఆ వీధిన నడవడం మానుకున్నది. ఇప్పుడు నన్ను చంకన పెట్టుకొని నడిచింది.

"ఏంది వదినా, తొవ్వ తప్పినవా?" అన్నది పుణ్యమ్మ.

"నీకు అనుములు ఏడికెల్లి వచ్చినయి?"

"నువ్వియ్యలే గద. నీ చేను గెట్టు మీద రాలినయి ఏరుకున్న."

"అంటే నాయే గాదా?"

"నీయే. అందుకే గింత మొండిగ మొలిచినయి. బుట్ట వట్టు."

తుల్జమ్మ పట్టింది. తీసుకున్న విత్తనానికి పంటయ్యాక రెండింతలు తిరిగివ్వడం అక్కడి ఆచారం. పుణ్యమ్మ వద్దన్నది. "నాకొద్దు. అడిగినోళ్లకియ్యి, సాలు."

ఆ పంట తర్వాత తుల్జమ్మ సణుగుతూనే ఇల్లిల్లూ పంచింది. గింజలు సరిగా ఆరబెట్టని వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి తిట్టివచ్చింది. ఇప్పుడు ఆ అనుములు చాలా అటకల మీద ఉన్నాయి. నా అడుగు చిల్లిపడింది. నాలో కోడి పొదుగుతోంది. రేపు నన్ను పొయ్యిలో పెట్టినా ఊరికి లోటు రాదు. ఇంత అప్రధానంగా నేనెన్నడూ లేను. ఇంత నిశ్చింతగానూ లేను.