సాక్షి ముక్క

మా ల్యాబ్ టెక్నీషియన్‌ని అందరూ అయిపోయిందక్క అంటారు. ఏ పని అడిగినా "అయిపోయింది మేడమ్" అంటుంది, ఆ తర్వాత మొదలుపెడుతుంది. పదకొండేళ్ళుగా ఆవిడతో వేగుతున్నాను.

ఆ ఉదయం సర్జన్ మూడోసారి ఫోన్ చేశాడు. "మేడమ్, రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆ పేషెంటు క్యాన్సర్ గర్భసంచిదా, దాని ముఖద్వారానిదా? ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్కట! సంచిలోదైతే మామూలు ఆపరేషన్. ముఖద్వారానిదైతే చుట్టుపక్కలంతా తీసెయ్యాలి, ఆ తర్వాత ఆ మనిషి మూత్రానికి కూడా అవస్థ పడాల్సి రావచ్చు. మైక్రోస్కోపు కింద రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. అందుకే రంగులు వేస్తాం. ఈస్ట్రోజన్ రంగు పట్టి కణాలు గోధుమరంగుకి తిరిగితే చాలావరకు సంచిలోదే. పట్టకపోతే ముఖద్వారం మీద అనుమానం. మిగతా రెండు రంగులూ అప్పటికే చేతులెత్తేశాయి.

"నెగటివ్ సార్! అయిపోయింది!" అని వెనకనుంచి అయిపోయిందక్క అరిచింది. "థాంక్యూ" అని ఆయన టక్కున పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనింకా స్లైడు చూడనే లేదు!

చూశాను. అంతా నీలమే, గోధుమరంగు జాడే లేదు. స్లైడు అంచున ఉండాల్సిన సాక్షి ముక్క మాత్రం లేదు. కచ్చితంగా రంగు పడుతుందని తెలిసిన పాత కండ ముక్కని ప్రతి స్లైడు మీదా పక్కన పెడతాం. అది గోధుమరంగుకి తిరిగితేనే రంగు పనిచేసినట్టు లెక్క. దాన్నే సాక్షి అంటాం.

"అక్కా, సాక్షి ఏది?"

"అయిపోయింది మేడమ్."

"ఏం అయిపోయింది?"

"సాక్షి ముక్కలే. నిన్ననే అయిపోయాయి."

"నాకు చెప్పాలి కదా, తల్లీ!"

"చెప్పాను కదా మేడమ్. అయిపోయాయి అన్నాను. మీరు సరే అన్నారు."

తల పట్టుకున్నాను. నిజమే, అంది. ఆవిడ నోట ఆ మాట వింటే పని పూర్తయిందనే కదా ఎవరైనా అనుకునేది!

సర్జన్‌కి ఫోన్ చేసి ఆగమన్నాను. "ఇందాక ఒకటి, ఇప్పుడు ఒకటి చెప్తే ఎలా మేడమ్?" అని విసుక్కున్నాడు. అప్పటికే రోగి చెల్లెలు కిటికీ దగ్గర నవ్వుతూ నిలబడి ఉంది. "అక్కకి నెగటివ్ అట కదా డాక్టరుగారూ! ఇంట్లో అందరికీ చెప్పేశాను."

"నెగటివ్ అంటే అది కాదమ్మా. ఇంకా ఏదీ తేలలేదు, సాయంత్రం దాకా కూర్చో" అన్నాను. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. విడమర్చి చెప్పే ఓపిక నాకు లేదు.

కొత్త సాక్షి ముక్క కోయించి, పక్కనే నిలబడి మరీ మళ్ళీ రంగు వేయించాను. నాలుగు గంటలు పట్టింది. సాక్షి గోధుమరంగు. పక్కన రోగి కణాలు కూడా చక్కగా గోధుమరంగు. సంచిలోదే! మామూలు ఆపరేషన్ చాలు. సంతోషం పట్టలేక వరండాలోకి పరిగెత్తాను.

"పాజిటివ్ అమ్మా! పాజిటివ్!"

చెల్లెలు మొహం పాలిపోయింది. అలాగే నేలమీద కూలబడింది. పొద్దుటినుంచీ మాట జాగ్రత్త, మాట జాగ్రత్త అని అందరి మీదా ఎగిరిన నేను ఇంత పని చేశాను.

"అయితే మా అక్క పని అయిపోయినట్టేనా?" అంది ఏడుస్తూ.

చేతులకి గ్లవుజులతోనే అయిపోయిందక్క వచ్చింది. వాటిని లాగేసి, ఆ పిల్ల పక్కన నేలమీద చతికిలబడి, చెయ్యి పట్టుకుంది.

"లేదమ్మా, అయిపోలేదు" అంది.

పదకొండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.