పంపినవాళ్ళకే చెప్పాను

నేను ఒక ఉత్తరాల యంత్రాన్ని. మీరు మెయిల్ సర్వర్ అంటారు. చూడ్డానికి బీరువా సొరుగంత ఇనప డబ్బాని, లోపల రెండు డిస్కులు, నాలుగు ఫ్యాన్లు, బోలెడంత దుమ్ము. మొదట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉండేదాన్ని. అది మూతపడ్డాక విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆసుపత్రి పేరు మాత్రం అడక్కండి.

అక్కడ నాకు ఏసీ గది ఇవ్వలేదు. రిసెప్షన్ వెనక ప్లైవుడ్ చెక్క అడ్డం కట్టి, పాత ఫైళ్ళ పక్కన కూర్చోబెట్టారు. అందుకే కౌంటర్ దగ్గర ఎవరు ఏం మాట్లాడినా నాకు వినపడేది.

నన్ను చూసుకునేవాడు మజ్జి సన్యాసిరావు. యాభై రెండేళ్ళుంటాయి. ఇంటర్ తప్పి, జెరాక్స్ షాపులో పనిచేస్తూ కంప్యూటర్లు నేర్చుకున్నాడు. అర్థం కాని పుస్తకాన్ని అర్థమయ్యేదాకా చదివే రకం. మంచివాడు. ఆ మాటకొస్తే నేను చెప్పబోయేదాంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. నా ఏడుపంతా అదే.

ఆ ఏడు జూన్లో గొంతు డాక్టరు వసుంధరగారు మానేసి విశాఖపట్నంలో వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు ప్లైవుడ్ చాటుకి వచ్చి తొంగిచూశారు.

"సన్యాసిరావుగారూ, నా పాత అడ్రసుకొచ్చే మెయిల్స్ సంగతి చూడండి. మర్చిపోకండేం!"

"అదెంతసేపండి మేడమ్! కాకపోతే దీనికి రెండు దార్లున్నాయండి. వచ్చింది వచ్చినట్టు మీ కొత్త అడ్రసుకి తోసెయ్యడం ఒకటి. అప్పుడు మీరు మారినట్టు పంపినోళ్ళకి తెలీనే తెలీదు, పదేళ్ళైనా పాతదానికే రాస్తారు. రెండోది, ఉత్తరం తీసుకోకుండా 'మేడమ్ ఇక్కడ లేరు, కొత్త అడ్రసు ఇదిగో' అని పంపినోళ్ళకే తిప్పి చెప్పడం. ఒక్కసారి చెబితే ఇంక పొరపాటు పడరండి. అదే పద్ధతైన పని."

"ఏదో ఒకటి చెయ్యండి బాబూ, నాకు బస్సు టైమైంది."

ఆయన నాలో ఒక జాబితా తెరిచాడు. ఎడమవైపు పాత పేరు, కుడివైపు కొత్త అడ్రసు. ఒకే ఒక్క లైను. నాకు నచ్చింది. అబద్ధం లేని పని కదా! మొదటి వారంలో నలభైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. మందుల కంపెనీలవాళ్ళు, ఆవిడతో చదువుకున్నవాళ్ళు. అందరికీ గుమ్మంలోనే చెప్పాను. మందుల కంపెనీ కుర్రాడైతే రెండు నిమిషాల్లో కొత్త అడ్రసుకి రాసుకున్నాడు. సన్యాసిరావు మురిసిపోయి నా నెత్తిమీద దుమ్ము తుడిచాడు.

తొమ్మిదోరోజు ఉదయం పదకొండూ పద్నాలుగుకి విశాఖపట్నం ల్యాబు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఎవరికి అన్నాను. వసుంధరగారికి అంది. ఆవిడ లేరు, ఫలానా చోట ఉన్నారు అన్నాను. వెనక్కి వెళ్ళిపోయింది. లోపల ఏముందో నేను చూడలేదు. చూసే పద్ధతి కాదు.

నాకు తెలియంది ఒకటే. ఆ ల్యాబులో రిపోర్టులు పంపేది మనిషి కాదు, నాలాంటి ఇంకో యంత్రం. దాని అడ్రసులోనే 'దీనికి జవాబు రాయకండి' అని ఉంటుంది. నేను చెప్పిన మాట వెళ్ళి ఆ అడ్రసుకున్న ఉత్తరాల పెట్టెలో పడింది. ఆ పెట్టె తెరిచి చూడమని అక్కడ ఎవరికీ ఎవరూ చెప్పలేదు. వాళ్ళ లెక్కలో మాత్రం రిపోర్టు పంపినట్టే.

ఆ రిపోర్టు పైడితల్లిది. జూట్ మిల్లులో పనిచేస్తుంది. పెళ్ళికాకముందు నుంచీ అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అంగిట్లో పుండు పడింది. మానలేదు. వసుంధరగారు వెళ్ళేముందు చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. పైడితల్లి భర్త అప్పలస్వామి గూడ్సు ఆటో తోలతాడు. నాలుగురోజులు పోయాక కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"మా ఆడదాని ముక్క కబురొచ్చిందా తల్లీ?"

కౌంటర్లో గౌరి అనే అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. "ఏం రాలేదండి. ఏదన్నా ఉంటే మావాళ్ళే ఫోన్ చేస్తారు. చెయ్యలేదంటే భయం లేదన్నట్టే."

"సల్లని మాట సెప్పినావమ్మా. ఇంటికెల్లి అదే సెప్తాను."

నేను వాళ్ళకి బారెడు దూరంలో ఉన్నాను. ఉత్తరం వచ్చి వెనక్కి పోయినట్టు, వచ్చేవీ పోయేవీ నేను రాసుకునే డైరీలో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. అడగందే చెప్పే అలవాటు నాకు లేదు.

అప్పలస్వామి మొత్తం మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ అదే మాట పట్టుకుని సంతోషంగా వెళ్ళాడు. దసరా వెళ్ళిన వారానికి పైడితల్లి మంచినీళ్ళు తాగుతుంటే ముక్కులోంచి వచ్చాయి. అంగిలికి చిల్లుపడింది. విశాఖ తీసుకెళ్ళి వసుంధరగారిని వెతికి పట్టుకున్నారు. ఆవిడ నోరు తెరిపించి చూసి, ల్యాబుకి ఫోన్ చేశారు. జూన్‌లోనే పంపాం మేడమ్ అన్నారు వాళ్ళు, తేదీతో సహా. ఆ తేదీ పట్టుకుని ఆవిడ సన్యాసిరావుకి ఫోన్ చేశారు.

ఆయన నా డైరీ వెనక్కి తిప్పాడు. లైను దొరికింది. చదివాడు. కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

మర్నాడు అప్పలస్వామి తిన్నగా ప్లైవుడ్ చాటుకే వచ్చాడు.

"ఆ ఉత్తరం ఈ డబ్బాకే వచ్చిందంట గదా బాబూ?"

"వచ్చిందండి."

"మరేటి సేసింది?"

"మేడమ్ ఇక్కడ లేరు, ఫలానా చోట ఉన్నారని చెప్పిందండి."

"నిజమే సెప్పింది గదా! ఎవులికి సెప్పింది?"

"పంపినోళ్ళకి."

"ఆలెవులు?"

సన్యాసిరావు తలెత్తలేదు. "అదీ మిషనేనండి."

అప్పలస్వామి నన్ను చాలాసేపు చూశాడు. "ఇదొక మిసను, అదొక మిసను. రెండూ మాటాడేసుకున్నాయి. నాను ముమ్మారొచ్చి ఆ బల్లకాడ నిలబడి అడిగినాను గదయ్యా. ఒక్కపాలి నాకు సెప్పలేకపోనాదా?"

"తప్పు నాదేనండి. మంచిదనుకునే అలా పెట్టాను..."

"నీదో, దానిదో. మా ఆడది ఇంటికాడ అడగతంది, తప్పెవులిది అని. మాట తిన్నగా రాదు, ముక్కుతో అడగతంది. ఏటి సెప్పీది?"

 అప్పలస్వామి ఆ లైను కాగితం మీద తీసిమ్మన్నాడు. సన్యాసిరావు ప్రింటు తీసిచ్చాడు. చదువురాని మనిషి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందల మా పైడితల్లి పేరేదీ?"

"లేదండి. మేడమ్ అడ్రసు, ల్యాబు అడ్రసు, టైము. అంతేనండి."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సన్యాసిరావు వెంటనే జాబితాలో వసుంధరగారి లైను తీసేసి, వచ్చింది వచ్చినట్టు తోసేసే మొదటి దారి పెట్టాడు. ఒక ఉత్తరం పంపి చూసి, వసుంధరగారికి ఫోన్ చేశాడు. "వచ్చిందాండి మేడమ్?" వచ్చిందన్నారు ఆవిడ. పనంతా కలిపి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పైడితల్లికి పైదవడ తీసెయ్యాలట, తీసినా నమ్మకం లేదట. జూన్లో అయితే చిన్న ముక్కతో పోయేదట. ఇదంతా ఆవిడ చెబుతుంటే ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు, ఫోన్ పెట్టేశాక కూడా.

మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. యంత్రం పాతబడి సాంకేతిక లోపం వల్ల ఉత్తరం అందలేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు."

"మిషన్ బానే పనిచేసింది కదండి సార్. చెప్పినట్టే చేసింది."

"అయితే లోపం నీదని రాయమంటావా? ఇంకెన్నాళ్ళుందయ్యా నీ సర్వీసు?"

సన్యాసిరావు సంతకం పెట్టాడు. ఎంత చిన్న సంతకమో! తర్వాత నా వైరు లాగేశాడు. ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగాయి.

సాయంత్రం నన్ను ఆటోలో వేసుకుని పాతసామాన్ల కొట్టుకి తీసుకొచ్చాడు. కొట్టువాడు నన్ను కాలితో కదిపి చూశాడు.

"పనిసేస్తదా గురూ? లోపమేటన్నా ఉందా?"

"ఏ లోపమూ లేదు. బ్రహ్మాండంగా పనిచేస్తాది," అన్నాడు సన్యాసిరావు.

"మరెందుకు వదిలించుకుంటన్నారు?"

ఆయన తిరిగి ఆటో ఎక్కేశాడు.